ఏప్రిల్ 23 లోపే బీరువా తాళం తియ్యమ్మా

చీరాల,
ఏప్రిల్ 5

చి.ల.సౌ. అమ్మడికి పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన కాగితం రెండుసార్లు చదివాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు వేసవి సెలవుల పఠనం అని పేరు పెట్టి పది పుస్తకాల పట్టిక వేశావు. దాని కింద రోజుకో పేజీ సారాంశం, వారానికో పుస్తక సమీక్ష, చివర తల్లిదండ్రుల సంతకానికి గీత. ఎలా ఉందో చెప్పమన్నావు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే పిల్లలు సెలవుల్లో ఏం చదువుతారో అని ఆలోచించావు. అది చూసి నాకు చాలా సంతోషమైంది తల్లీ.

కానీ ఆ కాగితం అలాగే ఇవ్వొద్దు.

సర్వీసులో చేరిన రెండో ఏట నేనూ అలాంటిదే ఇచ్చాను. బోర్డు మీద రాస్తే పిల్లలు ఎక్కించుకున్నారు. జూన్‌లో 40 నోటుపుస్తకాలు వచ్చాయి. ఆరోది దిద్దుతుండగానే సంగతి తెలిసిపోయింది. ఒక అమ్మాయి రాసిన సమీక్షనే మిగతా అందరూ చూసి రాశారు, అక్షర దోషాలతో సహా. అదైనా సరిపెట్టుకున్నాను. ఏడో తరగతి పిల్లవాడు ఒకడు బడి తెరిచి నాలుగు రోజులైనా రాలేదు. ఇంటికి వెళ్తే వాళ్లమ్మ చెప్పింది, తెలుగు టీచరు రాయమన్నది రాయలేదని భయపడుతున్నాడని. ఆ పది పుస్తకాల్లో ఒక్కటి కూడా వాడికి దొరకలేదు. ఎక్కడ దొరుకుతాయో నేను చెప్పనూ లేదు. తప్పు చేసింది నేను, భయపడింది వాడు. ఆ రోజు ఆ ఇంటి అరుగు మీద కూర్చుని చాలాసేపు వాడి ముఖం చూడలేకపోయాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ వేసవిలోనూ పట్టిక ఇవ్వలేదు. పుస్తకాలే ఇచ్చాను. నీకు చెప్పాలనుకున్న మాట కూడా ఇదే. వేసవి పఠనంలో సగానికి పైగా పని టీచరుది, అది సెలవులకు ముందే అయిపోవాలి.

మీ బడిలో లైబ్రరీ బీరువా ఉంది కదా, తాళం ఎవరి దగ్గరుందో ముందు కనుక్కో. చాలా బళ్లలో ఆ తాళం తియ్యకపోవడానికి కారణం స్టాకు రిజిస్టరు భయం. పుస్తకం పోతే ఎవరు కట్టాలి అని. నేను హెడ్మాస్టరు గారికి ముందే చెప్పేదాన్ని, పోయినవాటికి నాదే పూచీ అని. ఒక మామూలు నోటుపుస్తకంలో పిల్లల పేరు, పుస్తకం పేరు రాసి, వాళ్ల చేత సంతకం పెట్టించుకునేదాన్ని. ఒక ఏడాది 46 ఇస్తే 41 తిరిగొచ్చాయి. పోయిన ఐదింటికీ కలిపి నా చేతి నుంచి పెట్టింది రెండు వందలు కూడా కాలేదు. వచ్చినవాటిలో కొన్నిటికి అట్టలు ఊడాయి. ఒకదాని మీద చేపల పులుసు మరక. అన్నం తింటూ కూడా వదలకుండా చదివారన్నమాట. బీరువాలో చెదలు తినే దానికంటే నాకు అదే ఇష్టం.

పుస్తకాలు చాలవంటావు. ఏ బడిలోనూ చాలవమ్మా. సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, అంటే 49 రోజులు. పక్కపక్క ఇళ్లలో ఉండే నలుగురిని ఒక జట్టు చెయ్యి. తలా ఒక పుస్తకం ఇచ్చి, పన్నెండు రోజులకోసారి మార్చుకోమని చెప్పు. ఒక్కొక్కరి చేతికీ నాలుగు పుస్తకాలు వస్తాయి. మార్చుకునే రోజున ఇది బాగుంది, ఇది బోరు, ఇందులో చివర కుక్క చచ్చిపోతుంది అని చెప్పుకుంటారు చూడు, నువ్వు రాయించాలనుకున్న సమీక్ష అదే. జట్టు కట్టేటప్పుడు తరగతి చూడకు, వీధి చూడు. ఆరో తరగతి చెల్లెలూ ఎనిమిదో తరగతి అక్కా ఒకే జట్టులో ఉంటే ఇంకా మంచిది. అమ్మమ్మగారి ఊరికి వెళ్లిపోయేవాళ్లు ఎవరో ముందే అడిగి, వాళ్లకు కాస్త లావు పుస్తకం ఒకటి విడిగా ఇచ్చి పంపు.

ఏ పుస్తకం ఎవరికి అన్నది తొందరపడి తేల్చొద్దు. ఈ రెండు వారాల్లో ఒక్కొక్కరినీ నీ కుర్చీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ పైకి చదివించు. క్లాసు అందరి ముందూ వద్దు. పేజీలో నాలుగైదు చోట్ల ఆగి కూడబలుక్కుంటుంటే ఆ పుస్తకం ఆ పిల్లకు ఇప్పుడు కాదు. ఏడో తరగతికి వచ్చినా ఒత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర తడబడేవాళ్లు ఉంటారు. వాళ్లను తెలివితక్కువ వాళ్లనుకోకు. ఇప్పుడు మిగతా సబ్జెక్టులన్నీ ఇంగ్లీషు మీడియం. పిల్లలు మనసు పెట్టి తెలుగు చదివేది నీ ఒక్క పీరియడ్‌లోనే, సెలవుల్లో అదీ ఉండదు. ఏడు వారాల తర్వాత వచ్చి వాచకం తెరిస్తే, ఏప్రిల్‌లో గడగడా చదివినవాళ్లు కూడా తడుముకోవడం ఎన్నోసార్లు చూశాను.

తడబడేవాళ్లకు పెద్ద అక్షరాలు, బొమ్మలు ఉన్న పల్చటి పుస్తకాలు కావాలి. హైదరాబాదులో 'మంచి పుస్తకం' అనే సంస్థ వేసేవి ఉన్నాయి. నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం ఉంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసి కుట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త తీసుకో. చదవడం రానివాళ్లకే పల్చటి పుస్తకాలు ఇస్తున్నావని పిల్లలు పసిగడితే ఇక వాటిని ముట్టుకోరు. క్లాసులో అందరికంటే బాగా చదివే పిల్ల చేతిలో కూడా అలాంటిది ఒకటి పెట్టి, ఎలా ఉందో అందరికీ చెప్పమను.

బాగా చదివేవాళ్లకు నీ పట్టికలో అన్నీ నీతికథలే ఉన్నాయి. వాళ్లకు అవి విసుగు పుట్టిస్తాయి. సోమరాజు సుశీల గారి 'ఇల్లేరమ్మ కతలు' ఇవ్వు. ఒక ఆడపిల్ల తన చిన్నతనాన్ని తనే చెప్తుంది. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఇవ్వు. నెల్లూరులో ఒక ముస్లిం కుటుంబంలో పెరిగిన పిల్లవాడి కథలు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె దాన్ని తిరిగిస్తూ, "మనం ఇంట్లో మాట్లాడుకునే మాటలు పుస్తకంలో వేస్తారా టీచర్?" అని అడిగింది. ఆ తర్వాత ఆ పిల్ల నన్ను పుస్తకాలు అడగడం మానలేదు. ఇంకొకటి 'రైలుబడి', జపాన్ రచయిత్రి చిన్నప్పుడు చదువుకున్న బడి కథ. పాత రైలుపెట్టెల్లో నడిచిన ఆ బడి టోక్యోలో నిజంగా ఉండేదనీ, 1945లో బాంబు దాడిలో కాలిపోయిందనీ చెప్పి ఇవ్వు. నిజమా కాదా అని ముందు అదే అడుగుతారు.

పాత చందమామలు దొరికితే వదలకు. బేతాళ కథలో చివర బేతాళుడు ప్రశ్న వేస్తాడు కదా, నేను విక్రమార్కుడి జవాబు ఉన్న చోట కాగితం ముక్క మడిచి అంటించేదాన్ని. ముందు నీ జవాబు అనుకో, తర్వాత కాగితం ఎత్తి చూడు అని చెప్పేదాన్ని. జూన్‌లో వచ్చి విక్రమార్కుడు చెప్పింది తప్పని నాతో వాదన పెట్టుకునేవాళ్లు. ఒక పిల్లవాడైతే రెండు రోజులు వాదించాడు, మూడో రోజు నేనే ఒప్పుకున్నాను.

ఇక ఆ సంతకం గీత. అది తీసెయ్యమ్మా. నీది సముద్రం ఒడ్డు ఊరు. సంతకం పెట్టలేని తల్లిదండ్రులు ఉంటారు, వాళ్లను పిల్లల ముందు చిన్నబుచ్చినట్టు అవుతుంది. దానికి బదులు ఒకటి చెయ్యి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. మన సెలవులన్నీ ఆ రోజుల్లోనే పడతాయి. మామూలప్పుడు తెల్లవారుజామునే వెళ్లిపోయే నాన్నలు ఆ రెండు నెలలూ వలలు బాగు చేసుకుంటూ ఊళ్లోనే ఉంటారు. ఆ పక్కన కూర్చుని కథ పైకి చదివి వినిపించమని పిల్లలకు చెప్పు. వల అల్లేవాళ్లకు చేతుల పనే కానీ చెవులు ఖాళీయే. ఇక్కడ మా చేనేత వీధుల్లో కూడా ఇదే చేశాను. తల్లి మగ్గం మీద ఉంటే పక్కన కండెలు చుట్టే పిల్ల ఉంటుంది. చుట్టడం అయ్యాక అమ్మకు ఒక కథ చదువు, చాలు అనేదాన్ని. తడబడే పిల్లలకు కూడా ఇంట్లోవాళ్ల ముందు చదవడానికి భయం ఉండదు.

వేట లేని రోజులంటే ఆ ఇళ్లలో డబ్బుకు కటకటగా ఉండే రోజులు కూడా. పుస్తకం కొనమని ఎవరినీ అడగకు, ఇరవై రూపాయలదైనా సరే. కొందరు పిల్లలు సెలవుల్లో ఏదో ఒక పనికి వెళ్తారు. వాళ్లకు చిన్న చిన్న కథలున్నవి ఇవ్వు, ఎంత చదివితే అంత అని చెప్పు.

రాయించడం అసలే వద్దా అంటే, ఒక్కటి రాయించు. పోస్టుకార్డు. ఇప్పటికీ అర్ధరూపాయే, వంద మంది పిల్లలకు యాభై రూపాయలు. చిన్న పోస్టాఫీసుల్లో అన్నిసార్లూ ఉండవు, చీరాల వచ్చినప్పుడు ఇక్కడ అడిగి చూడు. ఒక్కో కార్డు మీద మీ ఇంటి అడ్రసు, పిన్‌కోడుతో సహా పిల్లల చేతే రాయించి ఇవ్వు. సెలవుల్లో ఎప్పుడైనా, చదివిన దాంట్లో నీకు చెప్పాలనిపించింది ఒక్కటి రాసి డబ్బాలో వెయ్యమను. సారాంశం అక్కర్లేదని గట్టిగా చెప్పు. కార్డులో పట్టేది ఏడెనిమిది వాక్యాలే కనుక పిల్లలకు టెన్షన్ ఉండదు. లేఖ రాయడం వాచకంలో పాఠంగా ఉన్నా, నిజంగా ఒక లేఖ పోస్టు చేసిన పిల్లలు ఇప్పుడు ఎంతమంది? వచ్చిన ప్రతి కార్డుకూ నువ్వు రెండు వాక్యాలైనా జవాబు రాయాలి. ఇది మాత్రం తప్పొద్దు. నేను రాసిన జవాబును పెళ్లయ్యాక కూడా దాచుకున్న పిల్ల నాకు తెలుసు.

సెలవులకు ముందు ఒక పూట పిల్లలను మీ శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్లు. లైబ్రేరియన్ గారిని ముఖం చూసి పలకరించి ఉంటే తర్వాత ఒంటరిగా వెళ్లడానికి జంకరు. శుక్రవారం సెలవని చెప్పడం మర్చిపోకు. ఎండలో నడిచి వెళ్లి తాళం చూసిన పిల్లలు మళ్లీ ఆ దారి పట్టరు. వేసవిలో గ్రంథాలయాల్లో విజ్ఞాన శిబిరాలు పెడతారు, మీ దగ్గర ఉంటుందేమో అడుగు. నాకు పుస్తకాల మీద ప్రేమ పుట్టింది కూడా అలాగే. వేటపాలెం సారస్వత నికేతనానికి మా నాన్న, అంటే మీ తాతయ్య, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. 1918లో పెట్టిన గ్రంథాలయం అది. అక్కడి పాత కాగితం వాసన నాకు ఇప్పటికీ గుర్తే.

జూన్‌లో బడి తెరిచాక మొదటి వారం పాఠం మొదలుపెట్టకు. ఎవరెన్ని చదివారని లెక్క అడగొద్దు, ఎక్కువ చదివినవాళ్లకు బహుమతి పెట్టొద్దు. బహుమతి పెడితే సన్న పుస్తకాలు వెతుక్కుని పేజీలు తిప్పేస్తారు. గుండ్రంగా కూర్చోబెట్టి, నీ పుస్తకం ఈ క్లాసులో ఎవరికి ఇస్తావు, ఎందుకు అని ఒక్కొక్కరినీ అడుగు. ఆ "ఎందుకు" దగ్గర పిల్లలు చెప్పేది శ్రద్ధగా విను, మధ్యలో సరిదిద్దకు. చదవనివాళ్లు తల దించుకుని కూర్చుంటారు. వాళ్లను నిలబెట్టి అడగవద్దు. వినడం అయ్యాక, ఇప్పుడు నీకు ఏది చదవాలనుంది అని మెల్లగా అడిగి, ఆ పుస్తకం ఆ రోజే ఇంటికి ఇచ్చి పంపు. వేసవి పఠనం జూన్‌లో మొదలుపెట్టిన పిల్లలు నాకు ప్రతి ఏడాదీ ఉండేవాళ్లు.

వచ్చే ఆదివారం ఇటు రా. అటక మీద ట్రంకుపెట్టెలో నా చందమామలు, పిల్లల పుస్తకాలు ఉన్నాయి. మొన్న దింపించి దుమ్ము దులిపాను, లెక్కపెడితే 63 అయ్యాయి. రెండు గట్టి సంచులు తెచ్చుకో. కాగితం ముక్కలు అంటించిన బేతాళ కథలు పైనే పెట్టాను, వాటిని జాగ్రత్తగా తియ్యి.

ఉంటాను.
మీ పెద్దమ్మ