బీమ్ బాగానే ఉంది, మైక్రోవేవ్ రావట్లేదా? ముందు వోల్టేజీ చూడండి

చెరెంకోవ్ మేజర్ (గొట్టంలో నెమ్మదించిన అలకు ఎలక్ట్రాన్ బీమ్ తన శక్తినిచ్చి మైక్రోవేవ్ పుట్టించే పరికరం) కట్టిన ఒకరి ప్రశ్న ఇది: రాగి గొట్టంలో క్వార్ట్జ్ లైనర్ (లోపలి పూత లాంటి గొట్టం), మధ్యలో సన్నటి 60 కిలోవోల్టుల బీమ్. అవతలి చివర బీమ్‌ని పట్టే కలెక్టర్‌లో కరెంటు సరిగ్గా వస్తోంది, 10 గిగాహెర్ట్జ్ దగ్గర డిటెక్టర్‌లో మాత్రం ఉలుకూ పలుకూ లేదంటున్నారు. డిటెక్టర్‌ని అనుమానించకండి, పాపం.

60 కిలోవోల్టుల ఎలక్ట్రాన్ వేగం కాంతివేగంలో 0.45 వంతు. క్వార్ట్జ్ పర్మిటివిటీ (అలను ఎంత నెమ్మదింపజేయగలదో చెప్పే అంకె) 3.8 కాబట్టి అల ఎంత నెమ్మదించినా 0.51కి దిగదు. మీ గొట్టంలో సగం ఖాళీయే కనుక ఇంకా వేగంగానే పోతుంది. అలతో కలిసి నడవని బీమ్ దానికి శక్తి ఎలా ఇస్తుంది? క్వార్ట్జ్‌తో కనీసం 84 కిలోవోల్టులు దాటాలి, నిజానికి ఇంకా ఎక్కువే కావాలి. నేనైతే వోల్టేజీ జోలికి పోను. ఎక్స్‌రే షీల్డింగ్, ఇన్సులేషన్ అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. క్వార్ట్జ్ బదులు పర్మిటివిటీ ఇంకా ఎక్కువున్న అల్యూమినా వేసి, టీఎం01 మోడ్ (బీమ్ దిశలో విద్యుత్ ఫీల్డ్ ఉండే అల రూపం) వేగం 0.45కి కుదిరేలా మందం లెక్కగట్టుకోండి.

అది కుదిరినా బీమ్ నడిమధ్యలో ఉంటే లాభం తక్కువ. మీ వోల్టేజీకి, 10 గిగాహెర్ట్జ్ దగ్గర, లైనర్ గోడ నుంచి 2.4 మిల్లీమీటర్లు లోపలికి వచ్చేసరికి ఫీల్డ్ దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. గోడను ఆనుకుని పోయే బోలు బీమ్ కావాలి.

ఇక్కడ మొదలవుతుంది అసలు తలనొప్పి. బెంగళూరులో నేను పనిచేసిన ల్యాబ్‌లో పల్స్ మొదట్లో సిగ్నల్ వచ్చి, సగం కాకముందే చచ్చిపోయేది. లైట్లు ఆర్పి కెమెరాలో చూస్తే క్వార్ట్జ్ ట్యూబ్ ఒక పక్కే నీలంగా వెలుగుతోంది. బీమ్‌ని దారిలో ఉంచే అయస్కాంత చుట్ట, అంటే సోలినాయిడ్, కాస్త పక్కకు జరగడంతో ఎలక్ట్రాన్లు గోడకు తగిలి, అక్కడ చార్జ్ పేరుకుని, బీమ్‌నే పక్కకు నెట్టేస్తున్నాయి. సోలినాయిడ్ సరిచేసి, లైనర్ ముందు దానికన్నా చిన్న రంధ్రమున్న మెటల్ రింగు పెట్టాక పల్స్ చివరిదాకా నిలబడింది.

బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో రాగి గొట్టం బోర్ చేయించేముందు మీ చేతికొచ్చిన అల్యూమినా ట్యూబ్‌నే తీసుకెళ్లండి, డ్రాయింగ్ ఒక్కటే ఇస్తే సరిపోదు. ఆ ట్యూబులు నిఖార్సైన గుండ్రంగా ఉండవు. రాగికీ దానికీ మధ్య సన్నటి సందు మిగిలినా టీఎం మోడ్ వేగం మారిపోతుంది. అందుకే వాక్యూమ్ పెట్టకముందే, బీమ్ లేకుండా, రెండు చివర్లూ మూసి నెట్‌వర్క్ అనలైజర్‌తో (మైక్రోవేవ్ పంపి స్పందన కొలిచే పరికరం) రెజొనెన్సులు, అంటే గొట్టం ఏ ఫ్రీక్వెన్సీల దగ్గర గట్టిగా స్పందిస్తుందో, కొలవండి. లెక్కకు అవి కలవకపోతే ఎలక్ట్రాన్ గన్ ఆన్ చేయడం దండగ.

పల్స్ వెడల్పు, బీమ్ కరెంటు ఎంతో రాయండి. లైనర్ పొడవు సరిపోతుందో లేదో అప్పుడు చెప్పొచ్చు.