గోల్ఫ్ గేమ్‌లో ఖరీదైన క్లబ్‌లు కొనాలా?

ప్రశ్న: ఫోన్‌లో ఆన్‌లైన్ గోల్ఫ్ గేమ్ మూడు నెలలుగా ఆడుతున్నాను. స్కోరు ఎంతకీ మెరుగుపడటం లేదు. నాతో పోటీపడేవాళ్ల దగ్గర మంచి డ్రైవర్ (మొదటి షాట్‌కి బంతిని దూరం కొట్టే క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర), ప్రత్యేకమైన బంతులు ఉంటున్నాయి. డబ్బు పెట్టి నేనూ కొంటే ఉపయోగం ఉంటుందా? ఫోన్ మార్చితే అవి పోతాయా?

జవాబు: ఉపయోగం ఉంటుంది, కాకపోతే మీరు అనుకుంటున్న చోట కాదు. అందరి కన్నూ ముందు డ్రైవర్ మీదే పడుతుంది, బంతి అంత దూరం ఎగురుతుంటే చూడ్డానికి బాగుంటుంది కదా. కానీ లెక్క వేయండి. పార్ అంటే బాగా ఆడేవాళ్లకి పట్టాల్సిన షాట్ల లెక్క. మామూలు పార్ 72 కోర్సులో 18 హోల్స్ ఉంటే సాధారణంగా నాలుగు పార్-3లు, అంటే మూడే షాట్ల చిన్న హోల్స్, అక్కడ డ్రైవర్‌తో పనే లేదు. అంటే ఎంత వాడినా 14 షాట్లు. పుటింగ్‌కి (గుంట దగ్గర బంతిని మెల్లగా దొర్లించి అందులో వేయడానికి) మాత్రం హోల్‌కి రెండు చొప్పున 36, పార్ లెక్కలో సరిగ్గా సగం. దగ్గర పుట్లే పోగొట్టుకుంటుంటే డ్రైవ్ ఇంకో ఇరవై గజాలు పెరిగి ఏం లాభం? పైగా ఇన్నాళ్లూ చెరువుకి ముందే ఆగిన బంతి ఇప్పుడు తిన్నగా వెళ్లి అందులో పడుతుంది.

అసలు జేబులో చెయ్యి పెట్టే ముందు ఫోన్ సంగతి చూడండి. ఈ గేముల్లో చాలావాటికి మీటర్ మీద ముల్లు సరైన చోటికి రాగానే నొక్కడమే ప్రాణం. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్లు వెనకబడటం మామూలే, 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేమ్ దాదాపు 17 మిల్లీసెకన్లే, కాబట్టి శబ్దం విని నొక్కే అలవాటుంటే కనీసం ఆరు ఫ్రేములు ఆలస్యం అయిపోయినట్టే. నేనైతే రెండు వారాలు నా బొటనవేలిని తిట్టుకున్నాను, తప్పు చెవుల్లో ఉందని తర్వాత తెలిసింది. ఇయర్‌ఫోన్స్ తీసేయండి, బ్యాటరీ సేవర్ ఆపండి, ఒక వారం ఆడి చూడండి.

అప్పటికీ కొనాలనిపిస్తే, ఏ షాట్ దగ్గర ఎక్కువ పోతోందో ఓ పది రౌండ్లు రాసుకుని ఆ ఒక్కదానికే కొనండి. గాలికి కొట్టుకుపోతుంటే గాలిని తట్టుకునే బంతి, ముల్లు మరీ వేగంగా కదులుతోంటే దాన్ని నెమ్మది చేసే బంతి (మీ గేమ్‌లో అలాంటిది ఉంటే). అయితే బంతులు వాడితే అయిపోయే సరుకు, క్లబ్ అలా కాదు, అందుకే బంతులు పోటీల కోసం దాచుకోండి. క్లబ్ మార్చినా కొన్నాళ్లు ఓపిక పట్టాలి. గోల్ఫ్ క్లాష్ లాంటి గేముల్లో క్లబ్ లెవెల్ పెరిగితే, గాలికి గురి ఎంత పక్కకి జరపాలనే లెక్క కూడా మారిపోతుంది, అప్పటిదాకా చేతికి అలవాటైంది మళ్లీ మొదటికొస్తుంది.

లోపల ఏముందో తెలియని పెట్టెలు మాత్రం వద్దు. అలాంటివి అమ్మే యాప్‌లు ఏది ఎంత శాతం వస్తుందో కొనే ముందే చెప్పాలని ఆపిల్ 2017 డిసెంబరులోనే నియమం పెట్టింది. ఆ అంకెలు ఒకసారి చదివితే చాలు, మీ వేలు దానంతటదే వెనక్కి వస్తుంది.

ఫోన్ సంగతంటారా, గెస్ట్‌గా ఆడుతుంటే కొన్నవన్నీ పోయే ప్రమాదం ఉంది. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి గేమ్‌ని ఏదో ఒక అకౌంట్‌కి లింక్ చేసి, ఆ తర్వాతే కొనండి.