అమ్మ పోయాక ‘హమ్మయ్య’ అనిపించింది... నేను చెడ్డదాన్నా?

ప్రశ్న: మేడమ్, మా అమ్మ పక్షవాతంతో నాలుగేళ్లు మంచంలో ఉంది. ఒళ్లు పుండ్లు పడకుండా రాత్రిళ్లు కూడా రెండు గంటలకోసారి లేచి పక్కకి తిప్పేదాన్ని. మూడు నెలల క్రితం పోయింది. ఆ క్షణంలో ఏడుపు రాలేదు, ‘హమ్మయ్య’ అనిపించింది. అది గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఇప్పటికీ రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది. ఆ ఖాళీ మంచం చూస్తూ నన్ను నేను తిట్టుకుంటూ ఉండగానే తెల్లారిపోతోంది. కన్నతల్లి పోతే ఊపిరి పీల్చుకునే కూతురు ఎక్కడైనా ఉంటుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఉంటుందమ్మా. చాలామంది ఉన్నారు. మీలా పైకి చెప్పుకోలేరు, అంతే.

నాలుగేళ్లు కంటినిండా నిద్ర లేదు మీకు. ఆ ‘హమ్మయ్య’ కొంత ఆవిడ బాధ తీరినందుకు, కొంత మీకు విశ్రాంతి దొరికినందుకు. ఆ రెండోది దాచేసి మొదటిదే చెప్పుకోండి అని నేననను. రెండూ నిజమే.

మా నాన్నగారికి చివరి రోజుల్లో మతిమరుపు జబ్బు. ‘మీ అమ్మ ఎక్కడికెళ్లింది?’ అని గంటలో పదిసార్లు అడిగేవారు. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్లు. నాకు విసుగొచ్చేది. విసుగొచ్చినందుకు సిగ్గేసేది. ఆ సిగ్గుతో ఆయన దగ్గర లేని ఓపిక నటించి, వంటింట్లో కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చేదాన్ని. ఒకరోజు తట్టుకోలేక తమ్ముడితో ‘విసుగొస్తోందిరా’ అనేశాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘నాక్కూడా అక్కా’ అన్నాడు. ఆ సాయంత్రం నాన్న అడిగిన ప్రశ్నకి నటించకుండానే జవాబు చెప్పగలిగాను.

విసుగు గోరుచుట్టు లాంటిది. దాని మీద రోకటిపోటు మాత్రం నేనే వేసుకున్నాను. మీరూ ఇప్పుడు రోజూ రాత్రి రెండింటికి చేస్తున్నది అదే.

‘అలా అనిపించకూడదు’ అని మనసుకి ఆర్డర్ వేస్తే అది వినదు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు కొందరిని ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దన్నాడు, గుర్తొస్తే గంట కొట్టమన్నాడు. వాళ్లు నిమిషానికి ఒకసారికి మించే కొట్టారు! ఎలుగుబంటి సంగతే అలా ఉంటే, అమ్మ గురించిన ఆలోచనని అణచడం మీ తరమా?

మనసులో కలిగిన భావానికి పేరు పెట్టడం మాత్రం సాయపడుతుంది. 2007లో మాథ్యూ లీబర్‌మన్ అనే సైకాలజిస్టు బృందం దీన్ని మెదడు స్కానింగ్‌లో చూసింది. కోపంగా, భయంగా ఉన్న ముఖాల ఫొటోలు చూపించి, ఆ భావం పేరేదో ఎంచమంటే, భయాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం చురుకు తగ్గింది. ఫొటోలతో చేసిన చిన్న ప్రయోగమే అనుకోండి, కానీ నా తమ్ముడితో ఆ ఒక్క మాట అన్నాక నాకు జరిగింది అలాంటిదే.

ఒక్క విషయంలో ఆలస్యం చేయొద్దు. బతకాలని లేదు అనిపించినా, నిద్ర, తిండి ఇలాగే పాడవుతున్నా డాక్టర్ని కలవండి.

ఈ రాత్రి మెలకువ వస్తే లైటు వేసి, తిట్టు నోటికి వచ్చేలోపే ‘అలసిపోయాను. అమ్మ గుర్తొస్తోంది’ అని గట్టిగా అనండి, మీ చెవికి వినపడేలా. తర్వాత ఏడుపొస్తే ఏడవండి, నిద్రొస్తే పడుకోండి. ఏం జరిగిందో నాకు మళ్లీ రాయండమ్మా.