మా ఇరుగుపొరుగు, మన వాడకట్టు

సందేహం: 2023 జులై చివరి వానలకు మా కాలనీలోకి నీళ్లు వచ్చినప్పుడు మేడ మీది ఇళ్లవారు మమ్మల్ని పిలిచి, నీరు దిగేదాకా ఉంచుకొని వండి పెట్టారు. వారి మేలు తలచుకుంటూ కాలనీ నోటీసు బోర్డుకు రాసిన చిన్న లేఖలో ‘మన వాడకట్టు’ అన్నాను. అది మాండలికమని మా అబ్బాయి కొట్టివేసి ‘ఇరుగుపొరుగు’ అని దిద్దాడు. ఏది సరి? చివర ధన్యవాదాలు అనాలా, కృతజ్ఞతలు అనాలా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: రెండూ మంచి తెలుగు మాటలే. వాడకట్టు అంటే ఒక వాడలోని ఇళ్లూ, అక్కడివారందరూ. కాని ఒకటి ఉన్నచోట రెండోదాన్ని పెడితే అర్థం కొంత పక్కకు జరుగుతుంది కనుక, మీ లేఖకు మీరు మొదట రాసిన మాటే తగినది.

‘పొరుగు’ ఒంటరిగా నిలవగల పదం. పొరుగూరు, పొరుగు రాష్ట్రం, పొరుగింటి పుల్లకూర అంటాము. ‘ఇరుగు’కు ఆ స్వేచ్ఛ లేదు. ఇరుగూరు అని ఎవరూ అనరు. ఇరుగమ్మ పొరుగమ్మ అన్నా, పిల్లలకు దిష్టి తీస్తూ ‘ఇరుగు దిష్టి పొరుగు దిష్టి’ అన్నా అది జంటలోనే బతుకుతుంది. ఈ జంటపదం ముఖ్యంగా ఇంటి చుట్టుపక్కలను చెబుతుంది గనుక మనుషులను ఉద్దేశించినప్పుడు ‘ఇరుగుపొరుగువారు’ అనడం స్పష్టంగా ఉంటుంది. మీ అబ్బాయి వాడకట్టును మాండలికమని కొట్టివేశాడు కాబట్టి వ్యాకరణం నుంచి ఒక మాట: తల్లిదండ్రులు, ఊరువల్లెలు అన్న సమాసాల్లో తకారం దకారమై, పకారం వకారమైనట్లే ద్వంద్వ సమాసానికి చెప్పిన గసడదవాదేశం (క చ ట త పలకు బదులు గ స డ ద వలు రావడం) ఇక్కడా జరిగితే ‘ఇరుగువొరుగు’ కావాలి. అలా రాస్తే అచ్చుతప్పు అనుకుంటారు. శిష్టమని అతడు పట్టుకున్న మాట కూడా సూత్రం వల్ల కాక వాడుక బలంతోనే నిలిచి ఉన్నదన్నమాట.

అసలు తేడా ‘మా’, ‘మన’ల దగ్గర తెలుస్తుంది. ఇరుగుపొరుగును మనం మన గడప దగ్గర నిలబడి చూస్తాము. మాట్లాడేవారి ఇల్లు నడుమ ఉంటుంది, మిగిలినవారు దాని చుట్టూ ఉంటారు. అందుకే కరీంనగర్‌లోని చుట్టాలకు ఉత్తరం రాస్తూ ‘మా ఇరుగుపొరుగువారు ఆదుకున్నారు’ అంటే చక్కగా ఒదుగుతుంది. అదే మాటను ఆదుకున్నవారే చదివే బోర్డు మీద పెడితే వారిని కాస్త ఎడంగా నిలబెట్టినట్లు అవుతుంది. వాడకట్టులో చెప్పేవారూ వినేవారూ కలిసే ఉంటారు, కాబట్టి దాని ముందు ‘మన’ సహజంగా వచ్చి కూర్చుంటుంది. సద్దుల బతుకమ్మ నాడు ‘మన వాడకట్టు బతుకమ్మలన్నీ వచ్చినయా?’ అని అడిగే ఇల్లాలు తన బతుకమ్మను కూడా ఆ లెక్కలో వేసుకొనే అడుగుతుంది. ‘వాడకట్టంతా కదిలింది’ అన్నప్పుడు క్రియ ఏకవచనంలో ఉండటం కూడా గమనించదగినదే. ఊరు కదిలింది అన్నట్లే ఇక్కడా అందరినీ ఒక్కటిగా చెబుతున్నాము. ‘కాలనీవాసులు’ అన్న పదం మున్సిపాలిటీకి పెట్టే అర్జీలో బాగుంటుంది గాని, అన్నం పెట్టినవారిని అలా పిలవడం నాకు రుచించదు.

ఇక వాడకట్టు తెలంగాణలో ఎక్కువగా వినిపిస్తుందన్నది నిజమే. కాని ‘వాడ’ ఎవరికీ కొత్తది కాదు. వరంగల్‌లో మట్టెవాడ ఉంది, ‘ఊరూవాడా’ అని తెలుగువారందరూ అంటారు. హనుమకొండలో హనుమకొండవారు చదివే లేఖకు ఇంతకంటే అర్హత అవసరం లేదు.

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది. ఎదుటివారిని ధన్యులని కొనియాడటం ధన్యవాదం, వారు చేసినదాన్ని ఎరిగి ఉండటం కృతజ్ఞత. నేటి వాడుకలో రెండూ చెల్లుతాయి. అయినా చేసిన పని ఇదీ అని చెప్పగలిగిన మీ సందర్భంలో రెండోదే మేలు. ‘నీళ్లు వచ్చినప్పుడు తలుపులు తెరిచి, నీరు దిగేదాకా మాకు వండి పెట్టిన మన వాడకట్టువారికి కృతజ్ఞతలు’ అని రాయండి. మీ ఇంట్లో పెద్దవారెవరైనా ‘వాడకట్టోళ్లు లేకుంటే ఆగమయ్యేటోళ్లం’ అని ఉంటే, ఆ మాటను దిద్దకుండా ఉల్లేఖన చిహ్నాల మధ్య అలాగే ఉంచండి.