పాలపిట్ట కనపడని రోజు కూడా లెక్కలోకి వస్తుంది

కిందటి సంచికలో ఊరి పక్షులను లెక్కపెట్టి ఈబర్డ్‌లో నమోదు చేయమని రాశాం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగినవాటికి జవాబులు ఇవి. ఈబర్డ్ ఉచిత వేదిక. అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధన సంస్థ, ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో దీన్ని మొదలుపెట్టాయి. మన దేశంలో దీన్ని పక్షి పరిశీలకుల సంస్థల కూటమి అయిన బర్డ్ కౌంట్ ఇండియా చూసుకుంటోంది.

దసరా నాడు పాలపిట్టను చూడటం మా ఆనవాయితీ. చిన్నప్పుడు పొలం గట్టు దాకా వెళ్తే కరెంటు తీగ మీద కనబడేది. ఇప్పుడు ఊరంతా తిరిగినా లేదు. మాలాంటివాళ్ళం చెబితే శాస్త్రవేత్తలు పట్టించుకుంటారా? (జనగామ జిల్లా నుంచి ఒక పాఠకుడు)

పట్టించుకుంటారు. కాకపోతే ‘ఇప్పుడు లేదు’ అన్న మాట వాళ్ళకు లెక్క రూపంలో చేరాలి. ఒక్కో విడత చూసినప్పుడు కనిపించిన పక్షుల జాబితాను లిస్టు అంటాం. మీ మండలం నుంచి ఒక ఏడాదిలో 100 లిస్టులు వెళ్ళాయనుకోండి. వాటిలో 20 లిస్టుల్లో పాలపిట్ట ఉంది. పదేళ్ళ తర్వాత 100 లిస్టుల్లో 12లోనే ఉంటే తగ్గిందని తేలుతుంది. ఇది తేలాలంటే పాలపిట్ట లేని ఆ 80 లిస్టులు కూడా కావాలి. అందరూ అది కనిపించిన రోజే రాశారంటే నూటికి నూరు లిస్టుల్లోనూ పాలపిట్ట ఉంటుంది. ఊళ్ళో పిట్ట కరువైపోతున్నా కాగితం మీద మాత్రం కళకళలాడుతూనే ఉంటుంది. అందుకే మేం పదే పదే అడిగేది ఒకటే: కాకి, గోరింక, పావురంతో సహా కనిపించినవన్నీ రాయండి. అప్పుడే కనపడనిది కూడా మీ లిస్టులో చేరినట్టు.

‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ 2023’ నివేదిక ఈ లెక్కతోనే తయారైంది. 30 వేలమందికి పైగా పరిశీలకులు ఇచ్చిన 3 కోట్ల పైచిలుకు నమోదులతో 942 జాతుల పరిస్థితిని చూశారు. దీర్ఘకాలంలో ఏం జరిగిందో చెప్పగలిగింది మాత్రం 338 జాతుల గురించే, మిగతావాటికి సమాచారం చాలలేదు. ఆ 338లో 204 తగ్గాయి. 30 శాతం, అంతకు మించి తగ్గినవాటిలో పాలపిట్ట ఒకటి. ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ ఎర్ర జాబితాలో దాని స్థానాన్ని మళ్ళీ పరిశీలించాలని నివేదిక సిఫారసు చేసింది. తెలంగాణ రాష్ట్ర పక్షి ఇది, ఎక్కడో కోన అడవిలో దాక్కునే పిట్ట కాదు. మన కళ్ళెదుటే తగ్గిపోతోంది.

ఇంకొక్క మాట. దసరాకి పంజరంలో పెట్టి చూపించే పాలపిట్ట లెక్కలోకి రాదు. దాన్ని చూసి డబ్బులు కూడా ఇవ్వకండి. ఆ డబ్బు కోసమే దాన్ని పట్టి తెస్తున్నారు.

ఈబర్డ్ యాప్ వేసుకున్నాను. తర్వాత ఏం నొక్కాలో, ఎంతసేపు చూడాలో తెలియడం లేదు. (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

చూడటం మొదలుపెట్టే చోటే లిస్టు మొదలుపెట్టండి. చాలామంది ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ గుర్తున్నంతవరకు నింపుతారు. అప్పుడు మ్యాపులో గుర్తు చెరువు దగ్గర కాకుండా మీ వంటింటి మీద పడుతుంది. సమయం ఉజ్జాయింపు అవుతుంది. కాకులు, పావురాలు సగం మరిచిపోతారు.

కనీసం 15 నిమిషాలు చూడండి. ఒకేచోట నిలబడితే, 30 మీటర్ల లోపే కదిలితే అది ‘స్టేషనరీ’. నడుస్తూ చూస్తే ‘ట్రావెలింగ్’. నడిచిన దారినే వెనక్కి వస్తే దూరం ఒకవైపుదే వేయాలి, సమయం మాత్రం మొత్తం వేయాలి. ఫోను రెండువైపులా కలిపేసుకుంటుంది కాబట్టి పంపేముందు దూరం దిద్దండి. తిరుగుదారిలో అవే పక్షులను మళ్ళీ కలపకండి.

ప్రతి పేరు పక్కన అంకె వేయండి. ‘ఉంది’ అని చెప్పే ఎక్స్ గుర్తు కంటే ‘సుమారు 40’ ఎంతో మేలు. చివర ఒక ప్రశ్న వస్తుంది: మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నీ ఇందులో ఉన్నాయా? అన్నీ రాసుంటేనే అవునని నొక్కండి. పేరు తెలియని పిట్టలు మిగిలినా ఫర్వాలేదు. తెలిసినదాన్ని కావాలని వదిలేయలేదన్నదే దాని అర్థం. బస్సులోంచి ఒక్క నెమలిని చూసి రాస్తే అది ‘ఇన్సిడెంటల్’, పూర్తి లిస్టు కాదు.

పొద్దున ఊరి చెరువు, మధ్యాహ్నం మామిడితోట, సాయంత్రం కృష్ణ ఒడ్డు. వీటన్నిటికీ కలిపి ఒకే లిస్టు పెట్టొద్దు. ఏ పిట్ట నీటి దగ్గరుందో, ఏది తోటలో ఉందో ఇక ఎవరూ విడదీయలేరు. చోటు మారగానే పాత లిస్టు ముగించి కొత్తది మొదలుపెట్టండి. బైనాక్యులర్ కొనేట్టయితే 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది) తీసుకోండి. అంతకన్నా దగ్గరగా చూపించేవాటిలో చేతి వణుకు కూడా పెద్దదిగా కనిపిస్తుంది.

మెర్లిన్ యాప్ కూత విని పేరు చెప్పేస్తోంది. అదే రాసేయవచ్చా? (అనంతపురం నుంచి ఒక విద్యార్థి)

వద్దు. యాప్ చెప్పిన పేరును ఆచూకీగా తీసుకుని, పిట్టను కంటితో చూసి, లేదా ఆ కూత మీకే బాగా తెలిసుంటే రాయండి. కరెంటు తీగల మీద చీలిన తోకతో కూర్చునే ఏట్రింత, జాలెడేగ అనే చిన్న డేగలా కూయగలదు. యంత్రం అక్కడ బోల్తా పడుతుంది.

కళ్ళు కూడా మోసపోతాయి. గుడ్డికొంగ చెరువు గట్టున నిలబడితే బురద రంగులో ఉంటుంది. కాలు పెట్టబోయేదాకా కనిపించదు. ఎగరగానే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. కొత్తవాళ్ళు కూర్చున్నదాన్ని గుడ్డికొంగ అనీ, ఎగిరినదాన్ని తెల్లకొంగ అనీ రెండుగా రాస్తారు. తెల్లకొంగల్లోనూ ముక్కు, కాళ్ళు చూడాలి. ముక్కూ కాళ్ళూ నల్లగా ఉండి పాదాలు మాత్రం పసుపుగా ఉంటే చిన్న తెల్లకొంగ. ముక్కు పసుపుగా ఉండి, గేదెల వెంట పచ్చిక మీద తిరిగేది పశువుల కొంగ. తేలకపోతే ‘ఏదో ఒక తెల్లకొంగ’ అని రాసే వీలు యాప్‌లోనే ఉంది. ఊహించి వేసిన కచ్చితమైన పేరు కంటే ఆ అస్పష్టమైన పేరే పరిశోధనకు పనికొస్తుంది.

చలికాలంలో మా చెరువు బాతులతో నల్లగా కమ్ముకుపోతుంది. ఎలా లెక్కపెట్టాలి? (ఏలూరు జిల్లా)

ముందు ఒక మూల 50 బాతులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. ఆ 50 ఎంత మేర ఉన్నాయో కంటికి పట్టించుకుని, అంతంత ముక్కలు ఎన్ని పడతాయో మిగతా గుంపు మీద కొలవండి. 14 ముక్కలైతే 700. ఒడ్డున చిక్కగా, నడుమ పలచగా ఉంటాయి కాబట్టి రెండుచోట్లకీ వేరువేరు ముక్కలు కావాలి. గుంపు లేచి చక్కర్లు కొడుతుంటే మళ్ళీ వాలేదాకా ఆగండి. ఎక్కువ లెక్కలు తప్పేది అక్కడే, వెళ్ళినవే తిరిగొస్తే రెండోసారి కలిపేస్తారు. మొత్తం తేలాక జాతులవారీగా విడగొట్టండి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలోనూ పరిశీలకులు ఇలాగే లెక్కిస్తారు.

నా లిస్టులో ఒక పేరుకు ఆధారం అడుగుతూ మెయిల్ వచ్చింది. అబద్ధం రాశాననుకుంటున్నారా? (హైదరాబాద్)

లేదండీ. ప్రతి ప్రాంతానికీ, నెలకీ ఏ పక్షి ఎంత సంఖ్య వరకు మామూలో ఒక హద్దు ఉంటుంది. అది దాటితే స్థానికంగా పక్షులు బాగా తెలిసిన స్వచ్ఛంద సమీక్షకులు చూస్తారు. చాలాసార్లు బయటపడేది వేలి పొరపాటే. 40 బదులు 400 పడుతుంది. ‘రోలర్’ అని కొట్టి తొందరలో ‘యూరోపియన్ రోలర్’ ఎంచుకుంటారు. మన పాలపిట్ట ‘ఇండియన్ రోలర్’. ఎదురురొమ్ము గోధుమరంగులో ఉంటే మనదే.

జవాబులో ‘కచ్చితంగా చూశాను’ అంటే చాలదు. గోరింక కంటే పెద్దదా చిన్నదా, ముక్కు ఎలా ఉంది, ఎంత దూరంలో, ఎంతసేపు చూశారు, ఏం చేస్తోంది, ఇవి రాయండి. మసకదైనా ఫొటో ఉంటే జతచేయండి. ఆధారం చాలకపోతే ఆ నమోదు మీ లిస్టులో అలాగే ఉంటుంది, పరిశోధనకు ఇచ్చే సమాచారంలో మాత్రం చేరదు.

నాన్నగారు 1980లలో పక్షుల గురించి రాసుకున్న నోటుపుస్తకాలున్నాయి. పనికొస్తాయా? (రాజమహేంద్రవరం)

బంగారంలాంటివి. దీర్ఘకాలిక మార్పు తేల్చడానికి సమాచారం చాలని జాతుల గురించి పైన రాశాం, ఆ లోటు పూడ్చేవి ఇలాంటి పుస్తకాలే. తేదీ, చోటు ఉంటే చాలు. సమయం, దూరం తెలియకపోతే ‘హిస్టారికల్’ ఎంచుకోండి. ఆయన రాయని పేర్లు మీరు కలపకండి. అన్నీ రాశారో, నచ్చినవే రాశారో తెలియకపోతే పూర్తి లిస్టు కాదనే పెట్టండి.

మోకాళ్ళ నొప్పులతో బయట తిరగలేను. నేనేమైనా చేయగలనా? (విజయనగరం నుంచి ఒక పాఠకురాలు)

మీ ఇంటి ముందు వేపచెట్టు చాలు. సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో చెట్టును నమోదు చేసి వారానికోసారి చూడాలి. లేత ఆకు, ముదురాకు, పండుటాకు, మొగ్గ, పువ్వు, కాయ, పండు. ఒక్కోదానికి లేవు, కొన్ని, చాలా అని మూడే జవాబులు. చెట్టులో మూడో వంతు కంటే తక్కువుంటే ‘కొన్ని’. ఎప్పుడూ అదే చెట్టును చూడాలి. పూత రాని వారం కూడా మానకుండా ‘లేవు’ అని పంపండి. వరసగా ‘లేవు’లు వచ్చాక మొదటి ‘కొన్ని’ పడిన వారమే ఆ ఏడు వేప పూతకొచ్చిన వారం.