సాలూరు కొండ సాలెపురుగుని పట్టి తేకు తమ్ముడూ

నువ్వడిగింది ఇదీ: విజయనగరంలో డిగ్రీ చదువుతున్నావు. సాలూరు దగ్గర స్నేహితుడి ఊళ్లో చింతచెట్టు తొర్రలో అరచెయ్యంత సాలెపురుగు కనబడింది. దాన్ని డబ్బాలో వేసి పెంచుకోవచ్చా? ఆ తర్వాత గుత్తి నీలం టరాంటులాతో (టరాంటులా అంటే ఒళ్లంతా నూగుండే పెద్ద సాలెపురుగు) మొదలుపెట్టి రకానికొకటి పోగుచెయ్యాలని ఉంది, ఎంత కష్టం? మాది సోంపేట. పదేళ్ల పైనుంచి ఈ పిచ్చిలో ఉన్నాను. ఒకదాన్ని చంపుకున్నాను, ఒకదాన్ని బతికించుకున్నాను. నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఆ తొర్రలోదాన్ని అక్కడే ఉండనీ. బూడిదరంగు ఒళ్లు, వీపు మీద ఆకు గీసినట్టు మచ్చ, ముందుకాళ్ల అడుగున పసుపు అని రాశావు. అది పీసిలోథీరియా ప్రజాతిది అయివుంటుంది. మన దేశంలోనూ శ్రీలంకలోనూ తప్ప ఈ ప్రజాతి ఎక్కడా లేదు. ఇది చెట్టు మీద బతికే జీవి, పరుగు మెరుపులా ఉంటుంది. మూత తీసేలోపు నీ మోచేతి మీద ఉంటుంది. కరిస్తే ప్రాణం పోకపోవచ్చు గానీ కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధపెడుతుంది. మొదటిసారి పెంచేవాడికి ఇది పనికిరాదు. పైగా ఈ ప్రజాతి మొత్తం 2019లో సైటిస్ (వన్యజీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలోకి వెళ్లింది. సైటిస్ జాబితాలోని జీవుల్ని మన వన్యప్రాణి చట్టం కిందికి తెస్తూ 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సరదాకి పట్టి తెచ్చాను అంటే అటవీశాఖ వాళ్లు నవ్వి ఊరుకోరు.

గుత్తి నీలం సంగతి అందరూ ఫొటో చూసి అడుగుతారు. నేనూ అలాగే మొదలయ్యాను. ఆ సాలెపురుగుని 1899లో పోకాక్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త లోకానికి పరిచయం చేశాడు. ఆయనకు అందింది గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్కటి. బహుశా ఎక్కడో అడవిలో ఎక్కించిన దుంగలతో పాటు రైలెక్కి వచ్చుంటుంది. అసలు ఇల్లు ఎక్కడో నూట రెండేళ్లు ఎవరికీ తెలియలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. 2008లో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ దాన్ని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో పెట్టింది. విదేశాల్లో పెంపకందార్ల అలమారాల్లో మాత్రం దాని పిల్లలు పెరుగుతున్నాయి. పేరు మనది, పుట్టిల్లు మనది, చూడాలంటే ఫొటోలే దిక్కు. నాకైతే ఇది తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అందుకే అది నీకు ఎక్కడ దొరుకుతుందో చెప్పను.

నా దగ్గరున్నది మధ్య అమెరికా రకం, ఉంగరాల జుట్టు టరాంటులా అంటారు. నేల మీద ఉంటుంది, నెమ్మది మనిషి. 2016లో బెంగళూరులోని ఒక పెంపకందారు దగ్గర వేలిగోరంత పిల్లగా తీసుకున్నాను. ఇదీ సైటిస్ జాబితాలోదే. 2020 జూన్‌లో కేంద్రం, ఇలాంటి విదేశీ జీవుల్ని పెంచుతున్నవాళ్లు ఆర్నెల్లలోపు స్వచ్ఛందంగా చెప్పుకుంటే పత్రాలు అడగం అన్నప్పుడు పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసేశాను. ఇప్పుడా వెసులుబాటు లేదు. 2024 నుంచి నిబంధనలు వేరు. కొనేముందు అమ్మేవాడి నమోదు కాగితం అడుగు. నీళ్లు నమిలితే ఆ బేరం వదిలెయ్.

తెచ్చిన రోజు మా అమ్మ అన్నమాట ఇప్పటికీ మా ఇంట్లో సామెతలా వాడతాం. "ఏటిరా ఇది? సాలెగూడు కనబడితే చీపురెట్టి దులిపేస్తాం, నువ్వు డబ్బులెట్టి కొనుక్కొచ్చావా!"

డబ్బా గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. పప్పు పోసుకునే ప్లాస్టిక్ డబ్బా చాలు, చుట్టూ వేడి సూదితో బెజ్జాలు పెట్టు. నేల రకానికి ఎత్తు ఎక్కువ ఉండకూడదు. గోడెక్కి కిందపడితే పొట్ట పగిలి చస్తుంది. లోపల నాలుగంగుళాల కొబ్బరిపొట్టు. దీనికి మాత్రం మన ఉద్దానం వాళ్లం అదృష్టవంతులం, పీచు మిల్లు దగ్గర గోనెసంచితో తెచ్చుకోవచ్చు. అయితే అందులో ఉప్పు ఉంటుంది. రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, పిండి, ఆరబెట్టి వాడు. ఓ మూలన కొబ్బరిచిప్ప బోర్లించు, ఇంకో మూలన సీసా మూతలో నీళ్లు. నాకు మొత్తం మూడు వందలు దాటలేదు.

మేతకి మీల్‌వార్మ్‌లు, అంటే ఒక రకం పెంకుపురుగు పిల్లలు. విశాఖలో పక్షుల మేత అమ్మేచోట ఒకసారి తెచ్చుకుంటే చాలు, గోధుమ పొట్టులో క్యారెట్ ముక్కలేస్తే వాటంతట అవే పెరుగుతాయి. సాలెపురుగుకి వేసేముందు వాటి తల నలిపెయ్, లేకపోతే కొబ్బరిపొట్టులోకి దూరిపోతాయి. పెద్ద సాలెపురుగుకి వారానికో పది రోజులకో ఒకసారి సరిపోతుంది. నెలల తరబడి తినకపోయినా కంగారుపడకు.

ఇప్పుడు అసలు విషయం. టరాంటులాని పెంచడంలో కష్టం టరాంటులాతో కాదు, మన ఇంటితో. నా మొదటిదాన్ని 2015లో నేనే చంపుకున్నాను. మీల్‌వార్మ్‌లు అయిపోతే వంటింట్లో దొరికిన బొద్దింకని వేశాను. అంతకు రెండు రోజుల ముందు అదే వంటింట్లో పురుగుల మందు కొట్టింది కూడా నేనే. మర్నాటికి దాని కాళ్లు ఒక్కొక్కటి ఒక్కోవైపు వణుకుతూ, అడుగు వెయ్యబోతే ఒళ్లు తిరిగిపోతూ... మూడో రోజుకి పోయింది. బొద్దింకని చంపే మందుకి సాలెపురుగు మీద దయ ఎందుకుంటుంది? దోమల చక్రం, ప్లగ్గులో పెట్టే మందు, ఫినాయిల్ ఏదీ ఆ గదిలోకి రాకూడదు. మన దోమలతో ఇది మాట తేలిక కాదు, తెలుసు. ఆ గదిలో నేను దోమతెరలో పడుకుంటాను.

రెండో శత్రువు చీమ. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా. కొబ్బరిచెట్లు వరసగా ఒరిగిపోయాయి, మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. ఇంట్లో మనుషులకే తిండీ నీళ్లూ వెతుక్కుంటున్నాం, దీన్నెవరు పట్టించుకుంటారు? నేలంతా నీళ్లయితే పుట్టల్లోని చీమలు ఇళ్లలోకి ఎక్కాయి. ఒక రాత్రి టార్చి వేసి చూస్తే డబ్బాలోకి బారు కట్టి పోతున్నాయి. లోపల సాలెపురుగు వెల్లకిలా పడి కుబుసం విడుస్తోంది. ఆ సమయంలో దాని ఒళ్లు వెన్నముద్ద, కోరలు తెల్లగా మెత్తగా ఉంటాయి, కదలలేదు, తిప్పికొట్టలేదు. తడిపిన కుంచెతో ఒక్కో చీమా ఏరాను, గంట పట్టింది. ఒక కాలు పోయింది. మళ్లీ కుబుసం విడిచినప్పుడు చిన్న కాలు మొలిచింది, ఆ పై కుబుసానికి మిగతావాటిలో కలిసిపోయింది. అప్పట్నుంచి వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యన ఇటుక పెట్టి, దాని మీద డబ్బా ఉంచుతున్నాను.

ఇంకోటి. వెల్లకిలా పడితే చచ్చిందనుకుని తిప్పెయ్యకు. చచ్చేది కాళ్లు కిందికి ముడుచుకుని చస్తుంది. కుబుసం అయ్యాక ఓ వారం, పెద్దదైతే రెండు వారాలు, కోరలు నల్లబడేదాకా మేత వెయ్యకు. చేతిలోకి తీసుకుని ఫొటోలు దిగడం కూడా వద్దు. దానికి అదేం ముద్దు కాదు. అమెరికా రకాలు భయపడితే వెనక కాళ్లతో పొట్ట మీది నూగు మన మీదికి రాలుస్తాయి. దూలగొండి తగిలినట్టే, మూడు రోజులు గోక్కున్నాను. కంట్లో పడితే డాక్టరు దగ్గరికి పరుగే.

పోగుచేయడం గురించి నా మాట: ముందు ఒక్కటి తెచ్చి రెండేళ్లు ఉంచు. ఆడదైతే ఇరవై ఏళ్ల దాకా బతకొచ్చు. ఉద్యోగం, పెళ్లి, బదిలీలు అన్నిటికీ అది నీ వెంట రావాలి. మగదైతే పెద్దయ్యాక ఎన్నాళ్లో ఉండదు. విడిచిన కుబుసం లోపలివైపు భూతద్దంతో చూసి ఆడో మగో చెప్పొచ్చు, నాది ఆడది. వరసగా పది డబ్బాలు పేర్చి చివరికి ఏది ఎప్పుడు తిందో గుర్తులేనివాళ్లని ఇద్దరిని చూశాను. సాలూరుదాన్ని చూడాలనిపిస్తే రాత్రిపూట టార్చితో వెళ్లి దూరం నుంచి చూసి రా, తొర్రలో పుల్ల పెట్టకు.

నాది ఇప్పుడు మూడు వారాలుగా ముద్ద ముట్టడం లేదు. పొట్ట వెనక నూగు రాలి బోసిగా ఉన్నచోట నల్లగా మారింది, అంటే కుబుసానికి సిద్ధమవుతోంది. రోజూ పొద్దున్నే అమ్మ గుమ్మం దగ్గర నుంచే అడుగుతుంది: "పడుకుందా, పోయిందా?"