రెండూ ఒకే లాప్‌టాప్, వేగం మాత్రం సగం

ప్రశ్న: చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. ఆఫీసుకు ఒకే మోడల్ లాప్‌టాప్‌లు రెండు ఉన్నాయి. మా యజమానిది నిరుడు కొన్నది, నాది ఈ ఏడు. ప్రాసెసర్ ఒకటే, రెండింటిలోనూ 16 జీబీ డీడీఆర్4 ర్యామ్. టెస్టు సాఫ్ట్‌వేర్ వేసి రెండింటిలోనూ మెమరీ వేగం కొలిస్తే, నాదానిలో దాదాపు సగమే వస్తోంది. పెట్టె మీద 3200 అని ఉంటే అది 1600 చూపిస్తోంది. ఒక వీడియోలో చెప్పినట్టు మెమరీ ఇంటెగ్రిటీ ఆపి చూసినా తేడా లేదు. దుకాణంవాళ్లు మోసం చేశారా?

జవాబు: ఈ నెలలో ఇది మూడో ఉత్తరం. కావలి నుంచి ఒకటి, ఒంగోలు నుంచి ఒకటి ముందే వచ్చాయి. ముగ్గురూ దుకాణంవాళ్లనే అనుమానించారు.

ముందు 1600 సంగతి. డీడీఆర్ మెమరీ గడియారం ఒక్కసారి కొట్టుకుంటే డేటాను రెండుసార్లు పంపుతుంది. గడియారం 1600, పంపకాలు 3200. మీ టెస్టు గడియారాన్ని చూపింది, పెట్టె పంపకాలను చెప్పింది. రెండూ నిజమే.

ఇక సగం వేగం. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరిచి ‘స్లాట్స్ యూజ్డ్’ చూడండి. మీదానిలో రెండింట ఒకటి, యజమాని దానిలో రెండుకు రెండు ఉంటాయని నా అంచనా. 3200 స్టిక్ (స్లాటులో గుచ్చే ర్యామ్ పలక) ఒకటి విడతకు 8 బైట్ల చొప్పున సెకనుకు 25.6 జీబీ మోయగలదు. రెండు స్టిక్‌లు జంటగా పనిచేస్తే 51.2. యజమానికి 8 జీబీవి రెండు పెట్టి, మీకు 16 జీబీది ఒక్కటే పెట్టి ఉంటారు. పెట్టె మీద మాత్రం రెండింటికీ ‘16 జీబీ’ అనే రాస్తారు. ఒకటా రెండా అన్న ఆ ఒక్క మాట రాయడానికి తయారీదారులకు చెయ్యి రాదు. ఒకే బ్లాకు నుంచి కోసిన పలకలనైనా నీళ్లు చల్లి చూడనిదే కొనరు మీ ఊళ్లో; లాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి అందరం స్టిక్కర్ చదివి డబ్బు కట్టేస్తాం. పల్చటి లాప్‌టాప్‌లది ఇంకా అన్యాయం. వాటిలో చాలావాటికి మెమరీని బోర్డుకే టంకం వేసేస్తారు, తర్వాత మార్చుకునే దారే ఉండదు.

మీకు ఖాళీ స్లాటు ఉంటే అలాంటిదే ఇంకో డీడీఆర్4 స్టిక్ వేయించండి. డీడీఆర్5 కొనకండి, దాని గాటు వేరేచోట ఉంటుంది, స్లాటులో కూర్చోదు. చవకని 2666ది తెస్తే మొత్తం మెమరీ 2666కే దిగుతుంది. అసలు అవసరమా అంటే, లెక్కల పనికి కాదు. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ఇదే మెమరీని వాడుకుంటాయి కనుక ఆటలకు, వీడియో ఎడిటింగ్‌కు తేడా తెలుస్తుంది. బిల్లు ఎంట్రీకి తెలియదు. బిల్లింగ్ నత్తనడక నడుస్తుంటే బ్రౌజర్‌లో తెరిచి పెట్టిన నలభై పేజీలను మూసి చూడండి.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది వీడియో చూసి మెమరీ ఇంటెగ్రిటీ ఆపిన సంగతి. మెమరీ ఇంటెగ్రిటీ పేరులో మెమరీ ఉందే గాని దానికీ ర్యామ్ స్కోరుకూ పొత్తు లేదు. విండోస్ గుండెకాయ అయిన కెర్నెల్‌లోకి పరాయి కోడ్ దూరకుండా కాసేది అది. కొన్ని ఆటల్లో దానివల్ల కొంచెం వేగం తగ్గే మాట నిజమే. మీరు ఆడుకునేది ఆట కాదు, ఫ్యాక్టరీ బ్యాంకు ఖాతా, జీఎస్టీ లాగిన్. పైగా ఇలాంటి టెస్టు సాఫ్ట్‌వేర్లు చాలావరకు హార్డ్‌వేర్‌ను నేరుగా చదవడానికి కెర్నెల్‌లో ఒక డ్రైవర్‌ను (హార్డ్‌వేర్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రామును) దించుతాయి. ఆ డ్రైవర్ పాతదై, లోపాలున్నదైతే దొంగ ప్రోగ్రాములకు అదే దొడ్డిదారి. అంటే మీరు కాపలావాణ్ణి ఇంటికి పంపి, దొడ్డి తలుపు గడియ తీసి, మెమరీ వేగం ఎంతో చూసుకున్నారు. ఆ వీడియోలు చేసేవాళ్లకు లైకులు వస్తాయి, మీ ఖాతాలో డబ్బు పోతే వాళ్లు రారు.

ఈ రోజే విండోస్ సెక్యూరిటీ, డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్ వరుసగా తెరిచి దాన్ని ఆన్ చేయండి. ఆన్ కాకపోతే ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో అక్కడే పేరు చూపిస్తుంది. టెస్టు సాఫ్ట్‌వేర్‌ను తీసేయండి, దాని డ్రైవర్ మిగిలిపోతే దాన్నీ తీసేసి మళ్లీ ప్రయత్నించండి. ఆ టెస్టును యజమాని లాప్‌టాప్‌లో కూడా నడిపారు కదా, ఆయనకు చెప్పి దాన్నీ చూడండి.